పచ్చరాతి మనిషి

ఆచార్యుడు భోజనాల బల్ల మీది కంచాలు పక్కకు నెట్టి, సంచిలోంచి రాళ్లు తీసి వరసగా పేర్చాడు. కూర గిన్నె మీద మూత పెట్టుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆయనకు ఉత్సాహం వస్తే ఇంట్లో మిగతావాళ్ల ఆకలి కనబడదు.

"ఏమోయ్, ఇలా చూడు! మా విభాగం వెనకాల లిఫ్టు కోసం గొయ్యి తవ్వుతుంటే బయటపడ్డాయి. లక్షల ఏళ్ల నాటివి. మన కాళ్ల కిందే ఉన్నాయి, అనుకున్నావా ఎప్పుడైనా?"

భార్య చేతులు తుడుచుకుని వచ్చి నిలబడింది. ఆవిడ బడిలో చరిత్ర పాఠాలు చెబుతుంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే తరగతిలో పురాతత్వం చదువుకున్నారు.

"ఈ దెబ్బలు చూడు" అన్నాడాయన, ఒక పచ్చరాయిని దీపానికి ఎదురుగా పట్టుకుని. "కొట్టిన చోటే కొట్టాడు. అంచు నుజ్జయిపోతున్నా బుద్ధి రాలేదు. అప్పుడు తిరగేసి అవతలివైపు పాడుచేశాడు. వీడు ఇంకా మనిషి కాలేదు. నిమ్మకాయంత మెదడుంటే గొప్ప."

ఆవిడ రాయి అందుకుంది. ఒక్కసారి తిప్పి చూసింది. ఆ దెబ్బ, ఆ మొండితనం, తప్పు రాతి మీదకు తోసి తిరగేసుకోవడం, అన్నీ ఆవిడకు కట్టుకున్నవాడి ముఖమంత పరిచయం.

"నిమ్మకాయంతేనా?" అంది.

"అంతకు మించి ఉండదు."

"నాకూ అలాగే అనిపిస్తోంది" అని రాయి బల్ల మీద పెట్టి, అన్నం వడ్డించింది.

వాళ్లు చదువుకునే రోజుల్లో ఆ విభాగం వెనక పెరట్లో ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆదిమానవుడి బుర్ర అర్థం కావాలంటే ముందు మీ వేళ్లు చితగ్గొట్టుకోండి అనేవాడు వాళ్ల గురువు. ఎక్కడో దూరపు క్వారీ నుంచి లారీలో పచ్చరాయి తెప్పించి, పిల్లలందరినీ నేల మీద కూర్చోబెట్టి పనిముట్లు చెక్కించేవాడు. రాలిన పెచ్చులూ పాడైన రాళ్లూ ఒక గుంటలో పోసేవారు. ఆ గుంట పూడ్చేముందు అందులో ఒక సోడా మూతో, సీసా పెంకో తప్పకుండా వెయ్యాలి. రేపు ఎవరైనా తవ్వితే, ఇవి నిన్నమొన్నటివని తెలిసి మోసపోకుండా ఉండడానికి ఆ వృత్తిలో పాటించే మర్యాద అది.

ఆ ఏడు మూత వెయ్యాల్సిన వంతు ఇప్పటి ఆచార్యుడిది. వాన మొదలైంది. మూత కోసం వెతకడానికి బద్ధకించి, "ఇక్కడ తవ్వి, వీటిని చూసి మోసపోయేంత దద్దమ్మ ఎవడు పుడతాడోయ్?" అని కాలితో మట్టి నెట్టేశాడు. పక్కనున్న ఆవిడ పడీపడీ నవ్వింది. ఆ పొగరునే తెలివి అనుకుని పెళ్లి కూడా చేసుకుంది. ఆ తెలివి ఏపాటిదో కాపురంలో తెలిసింది. ఆయన మొదటి వ్యాసంలో బొమ్మలన్నీ ఆవిడ గీసినవే, ఆవిడ పేరు మాత్రం ఎక్కడా లేదు. అడిగితే "ఇంట్లో మనిషికి కృతజ్ఞత చెబితే ఎబ్బెట్టుగా ఉంటుంది" అన్నాడు మహానుభావుడు.

తర్వాత షెడ్డు పడగొట్టారు. మెరక చెయ్యడానికి ఏటి కంకర తెచ్చి పోశారు, దాని మీద కొత్త భవనం లేచింది. ఏటి కంకర కింద దొరికాయి కాబట్టి, ఆ ఏరు పారిన కాలం నాటివని ఆచార్యుడు తేల్చేశాడు. ఆ కంకర వచ్చింది కూడా లారీలోనే అన్న సంగతీ, అక్కడ తాను పూడ్చిన గుంట సంగతీ ఆయనకు తట్టలేదు.

ఆవిడ ఆ పూటే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. కడుపులో దాచుకున్న కోపానికి ఇంత చక్కటి విందు మళ్లీ దొరుకుతుందా? పైగా ఎగదోసింది కూడా.

"ఈ రంగు రాయి ఈ చుట్టుపక్కల లేదు కదా. అంత దూరం నుంచి ఎలా తెచ్చుకున్నారో పాపం!"

"అదే, అదే!" అని ఆయన కుర్చీలోంచి లేచాడు. "ముందుచూపు! రేపటి కోసం మోసుకురావడం! నాగరికతకు మొదటి అడుగు ఇక్కడ పడిందోయ్!"

ఆ అడుగు వేసింది లారీ అని ఆవిడ మనసులో అనుకుని, వంటింట్లోకి వెళ్లి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నెలలు గడిచేకొద్దీ పచ్చరాతి మనిషి పెరిగి పెద్దవాడయ్యాడు. పత్రికల్లోకి ఎక్కాడు. విభాగంలో ఆయనకో గది కేటాయించారు. గోడ పొడుగునా బొమ్మలు వేయించారు: వంగిన కోతి దగ్గర మొదలై, కాస్త లేచినవాడు, ఇంకాస్త లేచినవాడు, చివరికి ఛాతీ విరుచుకున్న నాగరికుడు. ఆ చివరివాడికి ఆచార్యుడి ముక్కే పెట్టారు, కళ్లజోడు ఒక్కటే తక్కువ. గది తెరిచే రోజున పెద్ద సభ పెట్టి, బయటి దేశాల పండితులను కూడా పిలిచారు.

ఆవిడ ఆ రోజు కోసమే కాచుకుంది. ప్రశ్నల వేళ లేచి నిలబడి, "ఆ గుంటలో సోడా మూత ఎందుకు వెయ్యలేదో చెబుతారా?" అని మెత్తగా అడగాలి. అంతే. మిగతాది ఆయన ముఖమే చెబుతుంది. అద్దం ముందు ఆ ప్రశ్నను అనుకుని చూసుకుని, తృప్తిగా బయల్దేరింది.

హాలు గుమ్మంలో కూతురు ఎదురొచ్చింది. ఆ పిల్ల అదే విభాగంలో కుండపెంకుల మీద పరిశోధన చేస్తూ హాస్టల్లో ఉంటోంది. చేతిలో కాగితాలు, ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, నీకు చెప్పొద్దన్నాడు నాన్న, ఆశ్చర్యపోవాలని. ఇవాళ మాట్లాడేది నేనే!"

"నువ్వా? నువ్వు కుండలు కదూ?"

"అవి ఎప్పుడో వదిలేశాను. నా థీసిస్ మొత్తం ఈ రాళ్ల మీదే. పోయిన వారమే ఇచ్చేశాను. అంచులు మరీ కొత్తగా ఉన్నాయేమిటని మొదట్లో అడిగాను గానీ, నాన్న కసిరాడు. తర్వాత నాకూ నమ్మకం కుదిరింది."

 ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని పక్కనున్న సామాన్ల గదిలోకి లాక్కెళ్లి తలుపు వేసింది. షెడ్డు, లారీ, గుంట, వెయ్యని మూత, అన్నీ గబగబా చెప్పేసింది.  కూతురు కాగితాలు గుండెకు హత్తుకుని విని, మెల్లగా కిందికి దించింది.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టిన రోజే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీ నాన్న నలుగురిలో…"  అద్దం ముందు అంత అందంగా వచ్చిన మాట, కూతురి ముందు రాలేదు.

"నాన్న తెలియక చేశాడమ్మా" అంది కూతురు. "నువ్వు తెలిసి చేశావు."

తలుపు తీసుకుని వెళ్లిపోయింది. ఇన్నేళ్లుగా భర్తను చీదరించుకుంటూ, తాను మాత్రం శుభ్రంగా ఉన్నాననుకున్న ఆవిడకు, ఆ పాత కుర్చీల మధ్య నిలబడడానికి కూడా సిగ్గేసింది.

హాల్లోకి వచ్చేసరికి ముందు వరసలో భర్త పక్క కుర్చీ మీద తన కండువా వేసి ఆవిడ కోసం ఆపి ఉంచాడు.

"ఇంతసేపు ఏం చేస్తున్నావోయ్? కూర్చో, కూర్చో. పురాతత్వం నువ్వు ఎక్కడ వదిలేశావో అక్కణ్నుంచి మన పిల్ల అందుకుందని నాలుగు మాటలు చెబుదామని రాసుకున్నాను. నీ పేరుతోనే మొదలుపెడతాను."

ఆవిడ కండువా తీసి ఆయన చేతికిచ్చి కూర్చుంది. కూతురు వేదిక ఎక్కింది. చేతిలో కాగితాలు లేవు. మైకు సరిచేసుకుని హాలంతా ఒకసారి చూసింది.

"ఈ పచ్చరాళ్లు చెక్కింది ఎవరో నాకు ఇప్పుడే తెలిసింది" అంది. "వాళ్లిద్దరూ ముందు వరసలోనే కూర్చున్నారు."

ఛలోక్తి అనుకుని సభ గొల్లుమంది. అందరికన్నా గట్టిగా ఆచార్యుడు నవ్వాడు, చప్పట్లు కూడా కొట్టాడు. ఆ నవ్వుతోనే భార్య వైపు తిరిగాడు. ఆవిడ ముఖం చూశాక చప్పట్లు ఆపేశాడు.