అరంగుళం ఎక్కువ

నేను ఒక బ్యాగుని. బ్యాగంటే ఏ కూరగాయల సంచీనో అనుకునేరు! బారెడు పొడవు, భుజాలకి రెండు పట్టీలు, అడుగున తోలు. ఒక మనిషిని మడిచి కుక్కినా నాలో ఇంకా తువ్వాలుకి చోటుంటుంది. నాయుడుపేట దగ్గర ఒక కార్ఖానాలో పుట్టాను. నా పట్టీలు కుట్టిన సుగుణమ్మ మిషను మీద చెయ్యి ఆపకుండా, పక్కావిడతో నోరు ఆపకుండా పని చేసేది. నాకు ఈ వాగుడు అక్కడ అబ్బిందే.

ఓడెక్కి అమెరికా వెళ్ళాను. ఆర్కన్సా రాష్ట్రంలో పైన్ బ్లఫ్ అనే ఊళ్ళో లొరెట్టా అనే ఆవిడ నన్ను కొని తమ్ముడి చేతిలో పెట్టింది. తమ్ముడి పేరు కెల్విన్ ప్రూయిట్. బాస్కెట్‌బాల్ ఆటగాడు. సొంత దేశంలోని పెద్ద లీగులో చోటు దొరకలేదు. అలాంటివాళ్ళని పరాయి దేశాల క్లబ్బులు పిలిపించుకుంటాయి. చాలాచోట్ల వాళ్ళని 'ఇంపోర్టు' అంటారు, మోటారు విడిభాగాలని అన్నట్టు! మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. కెల్విన్ మాత్రం నవ్వి ఊరుకున్నాడు.

హంగరీ, సైప్రస్, పోలండ్, ఉరుగ్వే, టర్కీ. పదకొండేళ్ళు తిరిగాం. హంగరీలో ఓ చిన్న ఊరు. గెలిచిన వారం మాంసం కొట్టాయన సాసేజీలు ఊరికే చుట్టి ఇచ్చాడు. వరుసగా రెండు ఆటలు ఓడాక అదే మనిషి మమ్మల్ని చూసి షట్టరు సగం దించాడు. మూడోది ఓడిన మర్నాడు మేనేజరు ఇంటికొచ్చి ముందు కారు తాళాలు, తరవాత ఇంటి తాళాలు అడిగి, ఆఖరున "కాఫీ తాగి వెళ్ళు" అన్నాడు. ఆ ఇంట్లో కాఫీ గిన్నెలు అప్పటికే వాళ్ళవాళ్ళు సర్దేశారు. జట్టులో పన్నెండు మంది ఆడినా, ఓడితే మా వాడి కుర్చీ కిందికే నీళ్ళొచ్చేవి. ఏ దేశంలోనూ సీజను ఆఖరి ఆట దాకా మమ్మల్ని ఉంచుకోలేదు.

పోలండులో ఎడమ మోకాలు మెలితిరిగింది. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, అతనూ నేనూ. మోకాలి పట్టీ, మంచు సంచీ, నొప్పి మాత్రలు నా లోపలి అరలో ఉండేవి. కొత్త క్లబ్బు డాక్టరు ముందు మాత్రలు వేసుకుని, కుంటకుండా నడిచి చూపించేవాడు. నేను నోరు మూసుకుని మూల కూర్చునేదాన్ని.

ముప్ఫై నాలుగో ఏట మనీలా నుంచి పిలుపొచ్చింది. ఆ రోజు అక్కతో ఫోనులో అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తే.

"ఇదే చివరిదక్కా. ఒక్క సీజను మొదటి ఆట నుంచి ఆఖరి ఆట దాకా ఆడాలి. ఆ తరవాత నా అంతట నేను ఆపేస్తాను. ఇంకోడు నా తాళాలు అడక్కూడదు."

"మోకాలు బానే ఉందిగా?" అంది లొరెట్టా. మోకాలి సంగతి తెలిసి కాదు, అక్కలు అడుగుతారు, అంతే.

"దానికేం, రాయిలా ఉంది" అన్నాడు. అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో!

మనీలాలో చిక్కు వేరే వచ్చి పడింది. అక్కడివాళ్ళు అంత పొడగరులు కారు. అందుకని ఆ ఏడు టోర్నమెంటుకి బయటి నుంచి వచ్చేవాడు ఆరడుగుల అయిదంగుళాలు దాటకూడదని నిబంధన పెట్టారు. మా వాడు కాలేజీ రోజుల నుంచీ కాగితాల మీద ఆరడుగుల ఏడు. అసలు ఎత్తు ఆరడుగుల అయిదున్నర. ఇంతకాలం లేని ఎత్తు ఉందని రాసుకున్నవాడు, ఇప్పుడు ఉన్న అరంగుళం ఎక్కడ దాచుకోవాలో తెలియక తల పట్టుకున్నాడు. మనుషుల బాగోతం చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

దారి చూపించినవాడు ఇస్కో. జట్టు సామాన్లు చూసే పెద్దాయన. పెద్దవాళ్ళని అక్కడ 'మాంగ్' అని పిలుస్తారు.

"ఏం బెంగపడకు కెల్. మనిషి పొద్దున్న పొడుగ్గా లేస్తాడు, పొద్దెక్కేకొద్దీ కుంగుతాడు. బరువు మోస్తే ఇంకాస్త కుంగుతాడు. పాతికేళ్ళుగా ఎంతమందిని కుదించి పంపానో! కొలత మధ్యాహ్నం మూడింటికి. పొద్దుటి నుంచీ మోశావంటే అరంగుళం ఎగిరిపోతుంది."

"ఏం మొయ్యాలి మాంగ్ ఇస్కో?"

ఆయన చుట్టూ చూశాడు. నన్ను చూశాడు.

జిమ్ములోని ఇనప ప్లేట్లు నాలో పేర్చారు, నలభై కిలోలు. పొద్దున్న ఆరింటి నుంచి కెల్విన్ నన్ను వీపున వేసుకుని స్టేడియం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. దిగిన ప్రతిసారీ ఎడమ పక్కకి తటాలున వాలేవాడు, అతనితోపాటు నేనూ వాలేదాన్ని. అతను పెదవి కొరుక్కోవడం నాకు తెలుస్తూనే ఉంది. ఇస్కో దూరంగా కూర్చుని "అంతే, అంతే, బంగారూ!" అని ఉత్సాహపరుస్తున్నాడు. పాపం, ఆయనకేం తెలుసు? నా జిప్పు ఊడిపోతే బాగుండునని ఆ రోజు కోరుకున్నాను. గట్టిగా కుట్టారు, ఊడలేదు.

మూడింటికి లీగు ఆఫీసులో, చెప్పులు లేకుండా, మడమలు గోడకి ఆనించి నిలబెట్టారు. కళ్ళద్దాలాయన వంగి మోకాళ్ళు మడిచాడేమోనని చూశాడు. చెక్కపలక తల మీదికి దించాడు. మళ్ళీ దించాడు.

"ఆరడుగుల అయిదు. సరిగ్గా. ఆడొచ్చు."

ఇస్కో కేక పెట్టాడు. కెల్విన్ చిన్నపిల్లాడిలా ఎగిరి ఆ గది కప్పుని అరచేత్తో తట్టాడు. దిగడం ఎడమకాలి మీద దిగాడు. పచ్చి బెండకాయ విరిచినట్టు చప్పుడైంది. నేను గోడవారనే ఉన్నాను, విన్నాను.

మర్నాడు ఆసుపత్రిలో ఇస్కో మంచం పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. "పాడు సలహా ఇచ్చాను. నా నోరు పడిపోను."

"మోకాలు పాడైందని ముందే చెబితే నువ్వు ఆ ఇనుము నా చేత మోయించేవాడివా?" అని అడిగాడు కెల్విన్.

"చచ్చినా మోయించేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు."

వారం తిరక్కుండా వేరే ఇంపోర్టు దిగాడు. కెల్విన్ చంకల కింద కర్రలతో విమానం ఎక్కాడు. నన్ను మోసే స్థితిలో లేడు. వెళ్ళేముందు నా పట్టీని ఒకసారి తడిమి, నన్ను ఇస్కోకి అప్పగించాడు. నాకు దుఃఖం ఆగలేదు. అతన్ని విరిచింది నేనే కదా, పదకొండేళ్ళు నన్ను మోసినవాణ్ణి.

ఇప్పుడు స్టేడియం సామాన్ల గదిలో ఉంటున్నాను. ఇస్కో ఆ వైద్యం మానేశాడు. ఎత్తు ఎక్కువైనవాడొస్తే "ఇంకో లీగు చూసుకో నాయనా" అని పంపేస్తున్నాడు. నిన్న ఒకడొచ్చాడు. వయసు మళ్ళిన ఆటగాడే. ఇస్కో కాదు పొమ్మన్నాడు. ఇవాళ పొద్దున్న ఇస్కో టీకి వెళ్ళగానే అతను గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఇనప ప్లేట్లు ఎక్కడున్నాయో ఎవరు చెప్పారో మరి! ఒక్కొక్కటే తెచ్చి నాలో పెడుతున్నాడు. అటూ ఇటూ నడిచేటప్పుడు ఎడమకాలు ఆచితూచి మోపుతున్నాడు.

ఆ నడక నాకు తెలుసు. మీకు ఇంత కథ చెప్పినదాన్ని, అతనికి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. జిప్పు లాగి, నన్ను వీపుకెత్తుకున్నాడు.