పాలు పొంగని పోర్షన్

మనుషులు లేని ఇంట్లో కూడా పొద్దుగూకే వేళ దీపం పెట్టాలంటుంది మా అత్తగారు అప్పాయమ్మ. పెట్టాల్సింది నేను. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసినప్పట్నించీ మేడమీది రెండు గదులూ ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, దీపం వెలిగించి వస్తున్నాను. మొదట్లో వెంటనే దిగిపోయేదాన్ని. పోనుపోనూ వెనక గదిలో గోడకి ఆనుకుని కూర్చోవడం అలవాటైంది. అక్కడ నన్నెవరూ ఏదీ అడగరు. పెళ్ళయ్యాక నాకంటూ దొరికిన మొదటి గది అది. అదీ ఎవరూ అద్దెకు దిగకపోబట్టి.

రామచంద్రపురంలో జనం ఇళ్ళు దొరక్క తిరుగుతుంటే మన పోర్షన్ ఎందుకు నిండట్లేదని మా ఆయన సత్తిరాజు వీధిలో అందర్నీ అడుగుతాడు. నన్నడిగితే చెబుదును. చేపల వ్యాపారం చేసే కుటుంబం వచ్చింది. నీచు వాసనని అత్తగారు ముక్కు మూసుకుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఇల్లు ఇది. అమ్మాల్సిన పుస్తెలు నావి, తోమాల్సిన చేప నాది, నడిమి ముక్కలు వాళ్ళవి. ఆ చేప తెచ్చిచ్చేవాళ్ళు మాత్రం మా మెట్లెక్కకూడదు.

తర్వాత ఆశాజ్యోతిగారు వచ్చారు. ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఇల్లు నచ్చిందన్నారు. మా ఆయన మెట్లమీదే నిలబెట్టి, "మీవారేం చేస్తారండి?" అన్నాడు. విడిపోయామని ఆవిడ మామూలుగా చెప్పారు. నంబరు నాచేత రాయించి, ఫోన్ చేస్తామన్నాడు. ఆవిడ మలుపు తిరక్కముందే, మగదిక్కు లేని మనిషికి ఇల్లిస్తే మన పరువేం కావాలన్నాడు. అయినా పోర్షన్ నిండకపోవడానికి కారణం నేనేనట. ఇల్లు చూపించేటప్పుడు నవ్వనట.

మొన్న అన్నం తింటూ తేల్చేశాడు. ఫైనాన్స్ కంపెనీలో పనిచేసే గణేష్‌బాబని, ఆదివారం దిగుతాడట. అతనూ ఒంటరివాడే. మగవాడి ఒంటరితనానికి పరువుతో పేచీ లేదు.

"భోజనం మనింట్లోనే అని చెప్పేశాన్లే. ముగ్గురికి వండేదానివి, ఇంకో గుప్పెడు బియ్యం పొయ్యలేవా?"

"అదే చేత్తో క్యారేజీ కూడా కట్టేస్తే సరి," అంది అత్తగారు.

నేను చారు వడ్డించాను.

కొత్తగా దిగినవాళ్ళు పాలు పొంగించాక వాళ్ళంతట వాళ్ళు వెళ్ళేదాకా కదపకూడదు, ఇంటికి అరిష్టం. ఇది మా అత్తగారి చట్టం. పాత అద్దెవాళ్ళు ఎంత సతాయించినా ఈ ఒక్క మాట మీదే తల్లీకొడుకులు ఏళ్ళతరబడి భరించారు.

శుక్రవారం పొద్దున్నే మా ఆయన పొలం వెళ్ళగానే ఆశాజ్యోతిగారికి ఫోన్ చేశాను. ఆవిడ చిన్న స్టవ్వూ గిన్నే తెచ్చారు. పాలు నేను పట్టుకెళ్ళాను. పొంగి పొయ్యిమీద పడేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

మధ్యాహ్నం మా ఆయన వచ్చి మేడమీద ఆరేసిన చీర చూశాడు. ఎవరని అడిగి తెలుసుకుని, ఇప్పుడే పంపించెయ్యమని వాళ్ళమ్మ మీద అరిచాడు.

"పాలు పొంగిపోయాయిరా," అంది అత్తగారు, తలెత్తకుండా.

కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత బేరానికి దిగాడు. ఒక్క మనిషికి రెండు గదులెందుకన్నాడు. వెనక గదికి తాళం వేసెయ్యమన్నాడు.

"ఆ గది ఖాళీ లేదండి," అన్నాను. "అందులో నేను దిగాను. పాలు ఇద్దరం కలిసే పొంగించాం."