వెనక అంటించిన చీటీ

మా అమ్మాయి ఉద్యోగం వినడం. ఎవరో చదివి రికార్డు చేసిన పుస్తకాలను ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని వింటుంది. చదివినవాళ్లు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ మాట మింగేశారో, ఎక్కడ వాళ్ల కుర్చీ కిర్రుమందో నిమిషాలతో సహా రాసి ఆఫీసుకు పంపుతుంది. ఇదివరకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినేది. కిందటి నెలలో చెవికి చీము పట్టింది. నెలరోజులు చెవిలోగానీ చెవి మీదగానీ ఏదీ పెట్టకూడదన్నాడు డాక్టరు. అందుకని రెండు చిన్న స్పీకర్లు కొనుక్కొచ్చింది.

మా కష్టాలు ఆ రోజే మొదలయ్యాయి.

స్పీకర్లలోంచి మాటతోపాటు గరగర కూడా వచ్చేది. కొత్త స్పీకర్లు కదా, మా అమ్మాయి వాటిని అనుమానించలేదు. చదివినాయన గొంతునే అనుమానించింది. వరసగా మూడు రికార్డింగులు తిప్పి పంపింది. మూడోదాని కింద, చదివేవారు ఒకసారి గొంతు డాక్టరుకు చూపించుకుంటే మంచిదని సలహా కూడా రాసింది. పాపం, ఆయన నిజంగానే వెళ్లి చూపించుకున్నాడట. ఈలోగా ఆఫీసులో నలుగురు కూర్చుని విన్నారు. ఒక్కరికీ గరగర వినిపించలేదు. నాలుగో రికార్డింగు శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా సరిగ్గా విని పంపాలి, అదీ తప్పయితే ఇక పని ఇవ్వం అని ఉత్తరం వచ్చింది. మా ఇల్లు గడిచేదంతా ఆ ఉద్యోగం మీదే.

మాతోపాటు మా అన్నయ్య కూడా ఉంటాడు. ముప్ఫై నాలుగేళ్లు ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి రిటైరయ్యాడు. స్టోర్సు ఆయన్ని వదిలింది గానీ ఆయన స్టోర్సును వదల్లేదు. గడప దాటి లోపలికొచ్చిన ప్రతి వస్తువుకూ చీటీ అంటిస్తాడు. ముందువైపు నంబరు, వెనకవైపు తేదీ. తేదీ చూడాలంటే చీటీ ఎత్తగలగాలి కాబట్టి పై అంచుకే జిగురు రాస్తాడు. మిగతాది వేలాడుతుంది. అది కూడా ఎక్కడపడితే అక్కడ కాదు, వస్తువు వెనక, పైన, నట్టనడుమ. చీపురుకు కూడా వెనకా ముందూ ఉంటాయని మాకు ఆయన వల్లే తెలిసింది. ఇంట్లో నంబరు పడనిదాన్ని నేనొక్కదాన్నే.

గురువారం కంప్యూటరు మెకానిక్‌ని పిలిచాం. వీధిలో అందరూ ఆయన్ని రీస్టార్ట్ అంటారు. వచ్చి కూర్చోకముందే కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాడు. గరగర పోలేదు. సౌండు ప్రోగ్రాము తీసేసి కొత్తది వేశాడు. వైరు మార్చాడు. ప్లగ్గును ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చాడు. డబ్బా విప్పి లోపలి దుమ్మంతా ఊదితే, అది నేను అప్పుడే తుడిచిన బల్ల మీద పడింది. చివరికి సొంత హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, కంప్యూటరు భేషుగ్గా ఉంది, పోయింది స్పీకర్లే అని తేల్చాడు.

శుక్రవారం పొద్దున ఎదురింటి టైలరును బతిమాలి ఆయన స్పీకర్లు తెచ్చాం. మాట కడిగిన ముత్యంలా వినిపించింది. రెండు రోజుల తర్వాత మా అమ్మాయి కూర్చుని అన్నం తింది. అది తినే లోపల అన్నయ్య తన పని తాను చేసుకున్నాడు. వస్తువు అరువుదైనా గడప దాటి వచ్చింది కదా.

చెయ్యి కడుక్కుని వచ్చి పెడితే మళ్లీ గరగర.

రీస్టార్ట్ మళ్లీ వచ్చాడు. ఈసారి తప్పు కరెంటుదన్నాడు. టైలరు కూడా వచ్చి విని, తన దగ్గర బంగారంలా పాడిన స్పీకర్లు మా ఇంట్లో ఒక్కపూటకే ముసలివైపోయాయని, అవి పాడైతే మాదే పూచీ అని చెప్పి వెళ్లాడు. కంప్యూటరును ఇంకోచోటికి మోసుకెళ్దామంటే, ఆఫీసు పని మా ఇంటి లైను మీద తప్ప తెరుచుకోదు.

"గరగర ఉందని రాస్తే ఉద్యోగం పోతుంది. లేదని రాసి, నిజంగానే ఉంటే అప్పుడూ పోతుంది. ఏం రాయనమ్మా?" అంది మా అమ్మాయి.

శనివారం ఎనిమిదింటికి రికార్డింగు పెట్టుకుని, తల పట్టుకుని కూర్చుంది. రీస్టార్ట్ బల్ల కింద దూరి ప్లగ్గులు లెక్కపెడుతున్నాడు. నాకు తెలిసిన రిపేరు తుడవడం ఒక్కటే. గుడ్డ పట్టుకుని కుడివైపు స్పీకరు వెనక్కి చెయ్యి పెట్టాను. గరగర సగం తగ్గింది. ఎడమవైపు దాని వెనక రెండో చెయ్యి పెట్టాను. పూర్తిగా ఆగిపోయింది. చేతులు తీస్తే మొదలు, పెడితే బందు.

"అమ్మా, చేతులు తియ్యకు," అంది మా అమ్మాయి.

రీస్టార్ట్ బల్ల కిందినుంచి తల బయటపెట్టి, "నే చెప్పలా? ఎర్తు లేదని. ఇప్పుడు పిన్నిగారే ఎర్తు," అన్నాడు.

రికార్డింగు మూడున్నర గంటలు. ఆ మూడున్నర గంటలూ రెండు స్పీకర్లనూ కావలించుకుని, బల్ల వెనక నిలబడ్డాను. అన్నయ్య గ్లాసుతో నీళ్లు తాగించాడు. ముక్కు దురదపెడితే ఆయన స్కేలుతో గోకాడు. ఒకసారి దగ్గు వచ్చింది గానీ మా అమ్మాయి చూసిన చూపుకు అదే వెనక్కి పోయింది. కథలో ఎవరో చచ్చిపోయినప్పుడు కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేకపోయింది.

పదకొండూ నలభైకి ఆఖరి మాట వినిపించింది. గరగర ఎక్కడా లేదు. ఒక్కచోట మాత్రం కుర్చీ కిర్రుమంది, రాసుకుంది. నేను చేతులు తీశాను. కుడి అరచేతికి చెమటతో కాగితం ముక్క అతుక్కుని ఉంది. ఒలిచి చూస్తే చీటీ. నాలుగు వందల పందొమ్మిది, అరువు, టైలరు.

నలుగురం స్పీకర్ల వెనక్కి వెళ్లి చూశాం. గాలి పోవడానికి పైన నట్టనడుమ గుండ్రంగా కన్నం ఉంది. ఎడమదాని కన్నం మీద చీటీ ఇంకా వేలాడుతోంది. మా అమ్మాయి ఒక పాట పెట్టింది. చీటీ తోకలాగా కొట్టుకుంటూ గరగరమంది. అటక మీద పెట్టేసిన మా సొంత స్పీకర్లు దింపితే వాటి వెనకా అంతే.

అన్నయ్య వేలాడుతున్న చీటీ ఎత్తి వెనక తేదీ చూసుకున్నాడు. తర్వాత, "కన్నం ఉన్న వస్తువులు మా స్టోర్సులో చాలా ఉండేవి. ఒక్కటీ నోరెత్తలేదు," అన్నాడు.

మా అమ్మాయి పదకొండూ యాభైకి పంపేసింది. పంపి, మామయ్య వైపు తిరిగింది. మొదటి మూడు రికార్డింగులకూ తప్పు ఒప్పుకుంటూ ఆఫీసుకు తను రాస్తానంది. ఆ చదివినాయనకు మాత్రం మామయ్యే ఫోను చెయ్యాలంది. అన్నయ్య చొక్కా వేసుకుని, నిలబడి మరీ మాట్లాడాడు.

"అయ్యా, మీ గొంతులో ఏ దోషమూ లేదు. లోపం స్టోర్సు వైపు నుంచి జరిగింది."

అవతల ఆయన కోప్పడలేదు. డాక్టరు ఐదు రోజులు మాట్లాడొద్దన్నాడట. ఆ ఐదు రోజులూ ఇల్లు ఎంతో ప్రశాంతంగా ఉందట. వీలైతే అలాంటి ఉత్తరం ఏడాదికొకటి రాయమని వాళ్లావిడ అడగమందట.

సోమవారం ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. కుర్చీ చప్పుడు అక్కడ ఎవరూ పట్టుకోలేకపోయారట. ఐదో రికార్డింగు కూడా దాంతోపాటే పంపారు. అన్నయ్య ఇప్పుడు చీటీలకు నాలుగు అంచులా జిగురు రాస్తున్నాడు. తేదీ కూడా ముందువైపే వేస్తున్నాడు.

చీటీ మీది సిరా నా అరచేతికి దిగింది. ఎంత తోమినా వారం రోజులు పోలేదు. తిరగబడి పడినా అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. చివరికి నాకూ నంబరు పడింది, అదీ అరువు కింద.