తెరిపిచ్చిన పూట

ముందు మందులు పెట్టాను. తర్వాత కళ్ళద్దాలు, టార్చిలైటు, కవర్లో చుట్టిన అగ్గిపెట్టె, బిస్కెట్లు, రెండు చీరలు, ఒక లంగా, చివరి పేజీలు చిరిగిపోయిన ఒక నవల. అందులో హంతకుడెవరో నాకిప్పటికీ తెలియదు. అయినా ప్రతి వాన హెచ్చరికకీ దాన్ని సంచిలో వేస్తాను. ఆఖరున మా మరిది పెద్ద స్పానరు తీసుకొచ్చి చీరల మధ్య దోపాను.

దొంగతనమే, కాదనను. మరిది పడవల ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. నేను కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లేసుకునేవాడు కాబట్టి ఇప్పటికీ నాకు 'వాడే'. భారీ వాన అంటే చాలు, రేవులో కట్టిన తన పడవకి ఇంజను విప్పి ఇంటికి మోసుకొస్తాడు. ఆ స్పానరు లేకపోతే బోల్టు కదలదు. స్పానరు నాతో వస్తే దాని వెనకాలే వాడూ మేం తలదాచుకునే బడికి వస్తాడని నా ఎత్తు. ఇంట్లోంచి ఎవరు బయటికెళ్ళినా మలుపు తిరిగేదాకా వాళ్ళ వీపు చూస్తూ నిలబడటం నా జబ్బు. పాలవాడి వీపు కూడా వదలను.

ఫోన్లో హెచ్చరిక రాగానే వీధికంతా చదివి వినిపించేది నేనే. చదువు నాకెవరూ నేర్పలేదు, పొట్లాల కాగితాలు నేర్పాయి. అందుకే ప్రతి మాటనీ పొట్లం విప్పినట్టు నెమ్మదిగా విప్పుతాను. పసుపు హెచ్చరికకే సంచి సర్దుతాను. నారింజకి చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంటాను. ఎరుపు వచ్చేసరికి మిట్టమీది బళ్ళో చాప పరిచేసి ఉంటాను. వాన రాకపోతే అదే చాప చుట్టుకుని, ఎవరి కంటా పడకుండా గోడవారగా ఇల్లు చేరుకుంటాను. పడకుండా ఎక్కడ? ఆ పూట వీధి వీధంతా గుమ్మాల్లోనే ఉంటుంది.

ఈసారి నిజంగానే ఎరుపు. వాన బాదేస్తోంది. చిన్నపిల్లల బెంచీల మీద, మోకాళ్ళు గడ్డాలకి తగులుతుండగా, వీధిలో సగం జనం కూర్చున్నాం. మరిది తడిసి ముద్దై వచ్చాడు.

"వదినా, నా స్పానరేదీ?"

"నాకేం తెలుసురా? వంటింట్లో వస్తువా అది?"

"మరి ఆ సంచి ఒక పక్కకి ఒరిగిపోయిందేం? నీ బీపీ మాత్రలు ఇనుంతో చేశారా?"

పక్కనున్న టైలరమ్మ పకపకా నవ్వింది. "ఇచ్చెయ్యి పెద్దమ్మా, పాపం. పెళ్ళాం తప్పిపోయినా ఇంతలా వెతకడు."

"వాన తగ్గాక ఇస్తాను," అన్నాను.

వాడు గొణుక్కుంటూ గోడకి ఆనుకుని చతికిలబడ్డాడు. ఎత్తు పారింది. నా తెలివికి నేనే మురిసిపోయి అందరికీ బిస్కెట్లు పంచాను.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. ఎండ కూడా కాసింది. ఎండని చూసి ముఖం మాడ్చుకున్నది ఆ గదిలో నేనొక్కదాన్నే.

"తగ్గింది కదా, తియ్యి!"

అప్పుడే ఫోను మోగింది. కొత్త హెచ్చరిక. "ఉండరా, చదవనీ. ఎగు... ఎగువన... కురిసిన..."

"నువ్వా ముక్క పూర్తిచేసేలోపు ఇంజను మనింట్లో ఉంటుంది వదినా," అంటూ సంచి లాక్కుని బోర్లించాడు. మందులు, నవల, లంగా నేలమీద పడ్డాయి. వయసులో ఉన్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు ముంచుకొచ్చిందో, ముందు లంగా మీద పడ్డాను. తలెత్తేసరికి వాడు స్పానరుతో మెట్లు దిగుతున్నాడు.

మిగతాది వరండాలోకి పరుగెత్తి చదివాను. ఎగువ వానలకి వాగు పొంగుతుందట, వాన ఆగినా ఎవరూ కదలొద్దట.

"రేవు దగ్గర వాగు పొంగుతుందట్రా! కదలొద్దన్నారు!"

"ఎండ కాస్తోంది వదినా! పైకి చూడు!" అని చెయ్యూపాడు.

గేటు దాకా వెళ్ళాను. టైలరమ్మ రెక్క పట్టుకుంది. "ఎక్కడికి పెద్దమ్మా? నువ్వు పడితే ఎత్తడానికి నలుగురు కావాలి!"

కాసేపటికి వాగు వచ్చింది. ఆకాశంలో మబ్బుతునక లేదు. కింద రేవు, పడవలు, దారి అన్నీ ఒకటే బురదనీళ్ళు. నీళ్ళు బడి మెట్ల దాకా ఎక్కి ఆగాయి. లోపలున్నవాళ్ళం అందరం బతికాం.

మా మరిది తిరిగి రాలేదు. వెళ్ళింది ఆదివారం మధ్యాహ్నం, వాన పడనప్పుడు.