బైలప్ప వేసిన బెండు

బావిలో పదో మెట్టు మీద నిలబడి బైలప్ప పొగగొట్టాన్ని తడుముతున్నాడు. గోడకు ఆనుకుని నిలువునా పైకి పోయే ఇనుప గొట్టం అది. మంగళవాడ రైతు నారప్ప బావి అది. నీళ్లు కిందికి జారినప్పుడల్లా గోడలో కొత్త గూడు తొలిచి డీజిలు ఇంజనును అందులోకి దించేవాళ్లు. పొగ బావి పైకి పోవాలి కాబట్టి గొట్టానికి ఇంకో ముక్క అతికేవాళ్లు. ఆ అతుకులు లెక్కబెడితే చాలు, ఎన్ని కరువులు వచ్చిపోయాయో తెలుస్తుంది. పై ముక్క ఎనభైల నాటిది. దాని కిందిదానికి మరలు సన్నం, హిందూపురంలో తీయించింది. మూడోది ఎండిపోయిన బోరు నుంచి పీకిన పైపు. బొటనవేలితో ఒకసారి రుద్దితే ఏ ముక్క ఎక్కడిదో బైలప్ప చెప్పేస్తాడు.

యాభై రెండేళ్ల మనిషికి ఉన్న పేరంతా ఆ వేలిదే. పొలం లేదు, భార్య పోయి ఎనిమిదేళ్లయింది. నాగలమడికలో ఒక రేకుల కొట్టం, ఒక సైకిలు, ఒక స్పానర్ల సంచి, అంతే ఆస్తి. కానీ సంతలో ఎవరైనా తుప్పుపట్టిన సామాను చేతిలో పెడితే, కళ్లు మూసుకుని ఇది ఫలానా ఇంజనుదని చెప్పేవాడు. చుట్టూ చేరినవాళ్లు ఆహా అనేవాళ్లు. ఆ ఆహాలకు కాస్త అలవాటు పడ్డాడు పాపం.

ఇంజను దగ్గరికి దిగేసరికి వేలు ఆగిపోయింది. ఇంజనును గొట్టంతో కలిపే బెండు అనే వంపు ముక్క చుట్టూ, వెనక గోడ మీద, చాటంత మేర నల్లటి మసి పట్టి ఉంది. పోయినేడాది వేసవిలో ఆ బెండు వేసింది తానే.

పావగడ పాతసామాన్ల కొట్టులో నలుగురి ముందు కళ్లు మూసుకుని, ఇది నారప్ప ఇంజనుదేనని తీసుకొచ్చాడు. తీరా బిగించబోతే రంధ్రాలు కలవలేదు. వెనక్కి తీసుకెళ్లి, తప్పు చెప్పానని ఆ నలుగురి ముందే ఒప్పుకోవాలి. ఆ పని చేయలేకపోయాడు. ఆకురాయితో రంధ్రాలను సాగదీసి, సందుల్లో ఆస్బెస్టాస్ తాడు కుక్కి, పుట్టమన్నులో బెల్లం పిసికి పైన మెత్తాడు. పైగా, దీనికోసరమే చేసినట్టుండాదప్పా అని నారప్పతో అన్నాడు కూడా. ఇప్పుడా మన్నంతా రాలిపోయింది.

"ఏమన్నా కనపడిందా బైలన్నా?" నారప్ప పైనుంచి వంగి అడిగాడు. "మూడు దినాలుగా ఈడ దిగితే తల తిరుగుతాండాది. ఇంట్లో అంజనమ్మ పైత్యమంటాది. పొద్దూ మాపూ జీలకర్ర కసాయం పోస్తాది."

అది పైత్యం కాదని బైలప్పకు తెలుసు. పొగ బావిలో నిలిచిపోతే మనిషిని మత్తులోకి దించి తీసుకుపోతుందని తెలుసు. నేను తప్పు బెండు వేశాను, పొగ లోపలే నిలుస్తోంది, దిగితే ప్రాణం పోతుంది. చెప్పాల్సింది ఇంతే. బెండు విప్పి చంకన పెట్టుకుని, ఆ మాటలే కూడబలుక్కుంటూ పైకెక్కాడు. నారప్ప చెయ్యి అందించి గట్టు మీదికి లాగాడు. ఆ నమ్మకమైన మొహం చూడగానే సిగ్గేసి వేరే మాట ఎత్తుకున్నాడు.

"బెండుకి మసి పట్టుకోనుండాది. పావగడకి పోయి ఇంకోటి తెస్తా. నేనొచ్చేదాకా ఇంజను ముట్టొద్దప్పా."

నారప్ప చేను వైపు చూశాడు. వేరుశనగ ఊడలు దిగే వారం అది. నేల గట్టిపడితే ఊడ లోపలికి పోదు, కాయ ఊరదు. ఆ చేను తప్ప ఆ ఏడు అతనికి మరో ఆధారం లేదు.

"బెండు లేకుంటే ఇంజను నడ్సదా?"

"నడుస్తాది."

"మల్ల ఏంది?"

బైలప్ప సంచి మూతి బిగించి కట్టాడు. కట్టిన ముడినే మళ్లీ విప్పి కట్టాడు.

"సద్దు ఎక్కువొస్తాది," అన్నాడు.

నారప్ప నవ్వాడు. "సద్దుకి చెనిక్కాయ బెదురుతాదా? సరేలే, బిన్నా రాప్పా."

పావగడలో కాటప్ప పాతసామాన్ల కొట్టు ముందు బైలప్ప పాత బెండ్ల కుప్పలో కూర్చున్నాడు. ఈసారి ఇంజను రంధ్రాల అచ్చును కాగితం మీద మసితో తీసుకొచ్చాడు. ఒక్కో బెండునూ దాని మీద పెట్టి చూస్తున్నాడు.

"ఏం బైలప్పా, కండ్లు మూసుకోని చెప్పేటోడివి, ఈపొద్దు కాగితం తెచ్చినావే," అన్నాడు కాటప్ప.

బైలప్ప ఇంకో బెండు తీసి కాగితం మీద పెట్టాడు. గంటన్నర వెతికితే అచ్చుకు సరిగ్గా కూర్చునే బెండు ఒకటి దొరికింది. బిగించేశాక నారప్పకు నెమ్మదిగా చెప్పొచ్చులే అనుకున్నాడు. పని సరిగ్గా అయ్యాక చెప్పుకుంటే సిగ్గు కొంచెం తగ్గుతుందని లెక్కేసుకున్నాడు.

మంగళవాడ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇంజను మోత వినబడింది. గొట్టం లేని ఇంజను మోత ఎలా ఉంటుందో అతనికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. లేచి నిలబడి తొక్కాడు. దారి సగంలో ఉండగానే బావిలో గాలి చాలక ఆ మోత దానంతటదే ఆగిపోయింది.

పక్కచేని బొమ్మన్న మొహానికి తడిగుడ్డ కట్టుకుని దిగి, నారప్ప నడుముకు తాడు వేసి, నలుగురి చేత పైకి లాగించాడట. బైలప్ప చేరేసరికి గట్టు మీద పడుకోబెట్టి ఉన్నారు. ఎండకు మాడి నల్లబడిన ఆ మొహంలో ఎన్నడూ లేని ఎర్రటి నిగారింపు ఉంది, బావిలో పీల్చిన పొగ తెచ్చిన రంగు అది. ఊపిరి లేదు. బావి దగ్గరి రెండు సాళ్లు మాత్రం తడిసి ఉన్నాయి.

మొగుడి తల ఒళ్లో పెట్టుకుని అంజనమ్మ బైలప్ప వైపు చూసింది.

"నువ్వు ముట్టొద్దని చెప్పిపోయినావంట గదన్నా. బువ్వ తినేటప్పుడు చెప్పినాడు. నీ మాట ఇనకపాయ."

ఆమె తననే ఓదారుస్తోందని అర్థమవడానికి బైలప్పకు కాసేపు పట్టింది. ఆమె ఎదుట కింద కూర్చున్నాడు.

"ఆ బెండు తప్పుదమ్మా. పోయినేడే నాకు తెలుసు. నేనే ఏసినా."

"ఏ బెండన్నా?" అంది అంజనమ్మ.

మళ్లీ చెప్పాడు. ఆమె విననే లేదు. పాపం, మనిషి అదిరిపోయినాడు అని ఎవరో అన్నారు. ఎవరో చెంబుతో నీళ్లిచ్చారు. బొమ్మన్న భుజం మీద చెయ్యి వేశాడు. అక్కడున్న వాళ్లలో ఒక్కరూ అతను ఒప్పుకున్న తప్పును చెవిన వేసుకోలేదు.

"పొద్దన్నుంచి బైలన్న ఏం తిన్లేదు, వచ్చినాక తింటాడని సగం తీసిపెట్టినాడు," అంటూ అంజనమ్మ గట్టు చివరికి చూపించింది.

అక్కడ సత్తుమూతలో, మోదుగాకు కింద, సగానికి తుంచిన సంగటి ముద్ద ఉంది. తుంచినచోట నారప్ప నాలుగు వేళ్ల గుర్తులు ఇంకా ఆరలేదు.