సగం కోసిన డాగ్‌వుడ్

మా మామగారు పుట్టి ఎనభై ఏళ్లయినా ఒక్క తప్పూ చెయ్యలేదు. కావాలంటే ఆయన్నే అడగండి. అలాంటి మనిషితో ఎలా వేగాలో నాకు పెళ్లిలో ఎవరూ చెప్పలేదు.

తుంటి విరిగాక ఆయన మంచం వీధిగది కిటికీ పక్కకి చేరింది. మా ఫ్రీస్‌లాండ్ ఊళ్లో కిటికీలకి తెరలు వెయ్యం. బయటివాళ్లు లోపలికీ, లోపలివాళ్లు బయటికీ చూసుకోవడమే కాలక్షేపం. చలికాలంలో అదీ ఉండదు. ఆకాశం, కాలవ, రోడ్డు అన్నీ అంట్లు కడిగిన నీళ్ల రంగే. మంచాన ఉన్న మనిషికి లోకమంతా అంతే కదా అని, ఆ వేసవిలోనే బాగా ఎదిగిన డాగ్‌వుడ్ పొద తెచ్చి కిటికీ కింద నాటాను. పొట్టిరకం, చూపుకి అడ్డం రాదు.

"ఏంటమ్మాయ్, పొయ్యిలోకి పుల్లలు పెంచుతున్నావా?" అన్నారు మామగారు.

నవంబరులో ఆకులు రాలాయి. కొమ్మలు మొదలు దగ్గర పసుపు, నడుమ నారింజ, కొసల్లో ఎరుపు. ఏటవాలు ఎండ పడిందంటే అక్కడెవరో చలిమంట వేసినట్టే.  ఎదురింటి ఔక్యె మామగారిని పలకరించడానికొచ్చి కిటికీ ముందు నిలబడితే, "కాస్త పక్కకి జరుగు తల్లీ. నీ మొహం రోజూ చూసేదేగా," అన్నారు.

మార్చిలో కత్తెర తీశాను.

"కొత్త కొమ్మకే రంగు మావయ్యా. పాతవి మొదలంటా కొయ్యాలి."

"పాతవాటికి ఇంట్లో చోటు లేదన్నమాట."

"మీరు జన్మంతా కాలవగట్టున విల్లో చెట్లకి గుండు కొట్టలేదూ? అవి చిగిర్చలేదూ?"

"అవి చెట్లు. ఇది నాకు తోడు. మళ్లీ రాకపోతే వచ్చే చలికాలమంతా నేనేం చూడను?"

 మా ఆయన వీట్సె తగువు తీర్చాడు: ఎడమవైపు సగం నాది, కొయ్యొచ్చు. కుడివైపు సగం నాన్నది, ముట్టుకోకూడదు.

ఏప్రిలంతా మామగారు నా సగాన్ని వచ్చినవాళ్లందరికీ చూపించారు. "మా కోడలి పనితనం. మేక మేసినా ఇంకాస్త మిగిల్చేది." వేసవిలో రెండుసగాలూ పచ్చగా కలిసిపోతే, "చూశావా, ఉత్తపుణ్యానికి కోశావు," అన్నారు.

మళ్లీ నవంబరొచ్చింది. ఆకులు రాలిన తెల్లారి నేను కాఫీ, చక్కెర రొట్టె పట్టుకెళ్లేసరికే ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. ఎడమవైపు కొమ్మలన్నీ నిలువునా మండుతున్నాయి. కుడివైపు కొసల్లో కాస్త ఎరుపు, మిగతాదంతా పాతచీపురు. నేను కాఫీ, రొట్టె అందించి బల్ల తుడవడం మొదలెట్టాను. 

అప్పుడే ఔక్యె వచ్చింది. "ఇదేంటి పెద్దాయనా, అటు సగానికి తెగులు పట్టిందా?"

నేను తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తున్నాను. ఆయన నోట్లో రొట్టె తీరిగ్గా నమిలి మింగారు.

"తెగులు కాదు, నేనే. కొయ్యొద్దని మొండికేశాను. కోడలు చెప్పిందే నిజం. తప్పు నాది."