ఇంట్లో ఒక గంట

కెలేఘాయ్ ఏటి గట్టు తెగిన ఏడు అది. ఊళ్లకి ఊళ్లు మునిగాయని టీవీలో చూపించారు. ఖరగ్‌పూర్‌కి ఏరు రాలేదు గాని, వాన నీళ్లు ట్రాఫిక్ పేటలో ఉన్న మా రైల్వే క్వార్టర్ గడప దాటాయి. బడులు అంతకు ముందే కరోనా రోగం వల్ల మూతపడ్డాయి. నా కోడలు గంగాభవాని చీర ఎగదోపుకుని చీపురుతో నీళ్లు బయటికి తోస్తూ, మధ్యమధ్య మంచం మీద కూర్చున్న కూతురికి అక్షరం రాసిన అట్టముక్క చూపించి, ఇదేటమ్మా అని అడిగేది. నా మనవరాలి పేరు ఇందు. తొమ్మిదేళ్లు నిండాయి. చదవడం రాదు.

బడి ఉన్నప్పుడే పంతులమ్మ తేల్చేసింది, ఈ పిల్లని ఇంట్లోనే ఉంచుకోండని. నా కొడుకు మోహనకృష్ణ మా వంశంలో ఇలాటోళ్లు లేరన్నాడు. నేను మూడో తరగతితో ఆపేశాను, అది అతనికి గుర్తు రాలేదు. నా భార్య దాలమ్మ అమ్మవారి మాతపూజకి పిల్లకి గుండు కొట్టిస్తానని మొక్కింది, కొట్టించింది కూడా. చదువు రాలేదు. జుట్టు పోయింది. వీధిలో పిల్లలు నవ్వుతారని ఇందు కొన్నాళ్లు గుమ్మం దిగలేదు.

నీళ్లు తీశాక భవాని ఎవరికీ చెప్పకుండా పిల్లని తీసుకుని లోకల్ రైల్లో కలకత్తా పెద్దాసుపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ పిల్ల బుర్రకి ఏ లోటూ లేదందట. అక్షరాన్నీ దాని చప్పుడునీ కలపడమే ఈ పిల్లకి కష్టం, కొందరు అలా పుడతారు, వేలితో తడిమిస్తూ నోటితో పలికిస్తూ నెమ్మదిగా నేర్పితే వస్తుంది అందట. రోజుకి ఒక గంట చాలు, కాని ఆ గంట మధ్యలో తెగకూడదు అందట. భవాని ఇంటికొచ్చి ఆ మాట చెబితే మోహనకృష్ణ నవ్వాడు.

"ఒక గంటేటే, రోజల్లా ఇంట్లోనే కదా ఉంతావు."

ఆమె జనపనార తాడుతో అక్షరాలు చేసి అట్టల మీద అంటించింది. బడులు తెరిచినా పిల్లని పంపలేదు. ఇందు కళ్లు మూసుకుని తాడు వెంట వేలు నడిపేది. వేలు నడిచినంతసేపూ తల్లి ఆ చప్పుడు పలికేది, పిల్ల పలికేది.

నేను మాట తక్కువ మనిషిని. అందుకే కాబోలు, వరండాలో నా పక్కన కూర్చుని కూర తరుగుతూ ఆమె పైకే ఆలోచించుకునేది. ఇంట్లో ఉండడమంటే ఖాళీగా ఉండడమని వీళ్లకి ఎవరు చెప్పారు మావయ్యా, అనేది. గోల్‌బజార్ బట్టల కొట్టులో బిల్లులు రాసే రోజుల్లో భోజనానికని అరగంట ఇచ్చేవారు, ఆ అరగంటలో ఎవరూ నన్ను పిలిచేవారు కాదు, ఈ ఇంట్లో నాకు ఆ అరగంట ఎక్కడుంది అనేది. పిల్ల పక్కన కూర్చోగానే కుళాయి వస్తుంది, నీళ్లు పట్టాలి. మళ్లీ కూర్చుంటే అత్తకి టీ. మళ్లీ కూర్చుంటే ఆయన వర్క్‌షాప్‌లో భోజనం సైరన్. ఆయన బండి గుమ్మం ముందు ఆగేసరికి అన్నం పొగలు కక్కుతూ కంచంలో ఉండాలి, చల్లారితే నోరు లేస్తుంది. అత్తేమో డిగ్రీ సదివినావు, నీ కడుపునే ఈ మొద్దెలా పుట్టిందే అంటుంది. మొన్న ఆయనతో పనిచేసే బెంగాలీ దాదాలు వస్తే, మా ఇంట్లో కాలేజీ ఉంది, ఒకటే స్టూడెంటు, రోజూ ఫెయిలే అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్లకి టీ ఇచ్చింది నేనే. గ్లాసులు కడిగిందీ నేనే. కడుగుతుంటే ఇందు వచ్చి, ఫెయిలంటే ఏటమ్మా అని అడిగింది. ఏం చెప్పాలి నేను?

 ఆమె అడిగింది నన్ను కాదు.

చలి మొదలయ్యాక ఇందు మాటలు కూడబలుక్కోసాగింది. కాని ఒక వింత. ఏ మాటైనా చివరి అక్షరం దగ్గర ఆగిపోయేది. ఆ అక్షరం విడిగా చూపిస్తే టక్కున చెప్పేది. మాటలో మాత్రం అక్కడే ఆగి, తల్లి మొహం చూసేది. పిల్లకి ఇంతకన్నా రాదని మోహనకృష్ణ నిర్ణయించేశాడు. పలాసలో దాలమ్మ చెల్లెలి ఇంటికి పంపేద్దాం, జీడిపిక్కల పనైనా వస్తాది అన్నాడు. నాకూ ఇందుకీ టికెట్లు తీశాడు. దింపి రావలసింది నేను.

ప్రయాణం ముందు రోజు కూడా భవాని పిల్లని కూర్చోబెట్టింది. మాట పడవ. ఇందు వేలు నడిపింది. ప. డ. ఆగి తల్లిని చూసింది.

"ఎందుకాగిపోతున్నావమ్మా?"

"నువ్వు లెగుస్తావు కదా," అంది పిల్ల.

భవాని చెయ్యి అట్ట మీదే ఉండిపోయింది. ఎన్నో నెలలుగా తను మాట మధ్యలో లేచిపోతూనే ఉంది. పిల్ల అక్షరాలతో పాటు అదీ నేర్చుకుంది. మాటంటే అమ్మ లేచిపోయే చోట ఆగేదని.

అప్పుడే సైరన్ కూసింది. ఆమె లేవలేదు. కాసేపటికి బండి చప్పుడైంది. మోహనకృష్ణ గుమ్మంలో నిలబడ్డాడు. వంటింట్లో కంచం లేదు.

"ఏటే, సెవుడా?"

"మాట అవనేదు," అంది ఆమె.

"రేపు పోయే గుంటకి ఇయ్యాల మాటలేటి?" అంది దాలమ్మ లోపల్నుంచి.

"అది పోతే నానూ పోతాను అత్తా. అది ఉంతే, రోజూ పది నుంచి, సైరన్ అయినా సరే, దాని మాట అయిందాకా నాను ఈ ఇంట్లో లేనట్టే. కొట్టుకి పనికెళ్లినాననుకోండి."

మోహనకృష్ణ అట్ట లాక్కుని గోడకి కొట్టాడు. తాడు ఊడింది. ఇందు చెవులు మూసుకుంది. భవాని ఇంకో అట్ట తీసి పిల్ల ముందు పెట్టింది. అతను తినకుండానే బండెక్కి పోయాడు. దాలమ్మ చాలాసేపు ఏడ్చింది, కొడుకు పస్తున్నాడని.

పడవ ఆ రోజు పూర్తి కాలేదు. చీకటి పడేదాకా భవాని పిల్ల పక్కనే కూర్చుంది.

మర్నాడు పొద్దున్న నేను పిల్లని తీసుకుని స్టేషన్‌కి వెళ్లలేదు. రైలు వేళకి వంటింట్లోకి వెళ్లి, బియ్యానికి ఎసరెంత అని దాలమ్మని అడిగాను. ఆమె మొహం తిప్పుకుంది. నాకు తోచినంత పోసి పొయ్యి వెలిగించాను.